అచ్చుతప్పులు నాతో మాట్లాడిన నెల: ఏడీహెచ్‌డీ, సైకోసిస్ మధ్య నా అనుభవం

నా ఫైల్లో మూడు కోడ్‌లున్నాయి. మొదటి పేజీలో ఎఫ్ 90.0, మధ్యలో ఎఫ్ 15.5, చివరి పేజీల్లో ఎఫ్ 29. ఐసీడీ-10 అనే జబ్బుల జాబితాలోని నంబర్లివి. మామూలు మాటల్లో చెప్పాలంటే మొదటిది ధ్యాస నిలవకపోవడం, అదే ఏడీహెచ్‌డీ. రెండోది ఉత్తేజకాల వల్ల, అంటే మెదడుని చురుగ్గా చేసే మందుల వల్ల వచ్చిన సైకోసిస్, లేనివి వినపడటం, లేనివి ఉన్నాయని గట్టిగా నమ్మడం. మూడోది సైకోసిస్ అయితే ఉంది గానీ ఏ రకమో ఇంకా తేల్చలేదు అని. విచిత్రం ఏంటంటే 'ఏకాగ్రత తక్కువగా ఉంది' అన్న వాక్యం మూడు చోట్లా ఉంది, ముగ్గురు డాక్టర్లు మూడు చేతిరాతల్లో రాసింది. ఆ మూడు చోట్లా నా లోపల జరుగుతున్నది మాత్రం ఒకటి కాదు, అది వాళ్లకి విడమరిచి చెప్పడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

చిన్నప్పటి నుంచీ నేను పరధ్యానం పిల్లనే. పిలిస్తే పలకను, పలికినా సగం విని పలుకుతాను. క్లాసులో అల్లరి చేసే రకం కాదు కాబట్టి ఎవరికీ నాతో ఇబ్బంది లేదు, ఇబ్బంది లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. బల్లలెక్కి దూకే పిల్లాడిని టీచరు గమనిస్తారు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్న పిల్లని ఎందుకు గమనిస్తారు? ఆడపిల్లల్లో ఇది ఎక్కువగా ఇలాగే తప్పిపోతుందని 29 ఏళ్లకి డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు గానీ నాకు తెలియలేదు.

పైగా నేను చేసే పని ప్రూఫ్ రీడింగ్. ధ్యాస నిలవని మనిషికి ఇదేం పని అని మీకు నవ్వు రావచ్చు, మా అన్నయ్య అయితే రోజూ నవ్వేవాడు. గడువు నెత్తిమీదికి వచ్చేదాకా నా బుర్ర కదలదు, వచ్చాక ఆపినా ఆగదు, అలా ఐదారేళ్లు నెట్టుకొచ్చాను. ఆ తర్వాత పని పెరిగి, ఒకే వారంలో రెండు పుస్తకాల్లో పేజీలకు పేజీలే చదవకుండా వదిలేసి పంపించాక, చదివాననే నమ్మకంతోనే పంపించాక, భయమేసి వెళ్లాను.

పరీక్ష అంటే రక్తం, స్కానింగ్ ఏమీ ఉండవు. ప్రశ్నలు. 18 ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చారు, పెద్దవాళ్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించినది. తొమ్మిదో ప్రశ్న దగ్గర నీళ్లు తాగుదామని లేచి, వచ్చి, ఆ కాగితం ఎక్కడ పెట్టానో వెతుక్కుంటుంటే డాక్టర్ గారు "ఇంక మార్కులు వెయ్యక్కర్లేదేమో" అన్నారు. తర్వాత రెండు సిట్టింగుల్లో చిన్నతనం గురించి అడిగారు, నిద్ర గురించి, మూడ్ గురించి, ఇంట్లో ఎవరికైనా మానసిక సమస్య ఉందా అని. లేదన్నాను. అబద్ధం చెబుతున్నానని నాకు తెలియదు. మా మేనమామకి ఇరవై ఏళ్ల వయసులో ఏదో వచ్చింది, ఇంట్లో దాన్ని 'నరాల బలహీనత' అనేవాళ్లు, ఆయన గదిలోంచి బయటికి రాకుండా ఎవరితోనో మాట్లాడుతూ ఉండేవాడన్న సంగతి నేను ఆస్పత్రిలో ఉన్న నాలుగో రోజున అమ్మ చెప్పింది. అంతకుముందు చెప్పి ఉంటే ఆ మందు రాసేవాళ్లు కాదా అంటే, రాసేవాళ్లేమో, కానీ కాస్త భయపడుతూ రాసేవాళ్లు, నెలకోసారి కాకుండా వారానికోసారి రమ్మనేవాళ్లు. అమ్మ మీద కోపం లేదు. ఆ రోజుల్లో ఆ మాటకి వాళ్ల దగ్గర ఉన్న పేరు అదొక్కటే.

మందు మిథైల్‌ఫెనిడేట్, ఉత్తేజకాల్లో ఒకటి. ముందు కొద్ది గంటలే పనిచేసే పది మిల్లీగ్రాముల బిళ్ల, రెండు వారాలకి దాన్ని ఆపి పొద్దున్నే ఒకటి వేసుకుంటే రోజంతా పనిచేసే 18, నెల తర్వాత 36. మొదటి రోజు ఏమైందో చెప్తాను. బిళ్ల వేసుకున్న గంటకి ఫ్యాన్ చప్పుడు వినపడటం మానేసింది. అంటే ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, నాకే అక్కర్లేకుండా పోయింది. అలా అక్కర్లేని చప్పుడు అక్కర్లేకుండా పోవడం అందరికీ పుట్టుకతోనే ఉంటుందట! నాకు 29 ఏళ్లకి మొదటిసారి తెలిసింది. ఆ రోజు 40 పేజీల ప్రూఫు లేవకుండా చదివి, ముగించి, కాసేపు ఏడ్చాను కూడా. ఆ రెండు నెలలూ నిజంగా బావున్నాయి. తర్వాత జరిగినదాని వల్ల ఆ రెండు నెలల్ని అబద్ధం అనను.

తప్పు నాదే కొంత ఉంది, దాచుకోకుండా చెప్పాలి. మూడో నెలలో ఒక పెద్ద పుస్తకం వచ్చింది, గడువు తక్కువ. పాత పది మిల్లీగ్రాముల స్ట్రిప్పు సగం మిగిలి ఉంది కదా అని సాయంత్రం పూట ఒకటి వేసుకోవడం మొదలుపెట్టాను. డాక్టర్ గారికి చెప్పలేదు. నిద్ర ఆరు గంటల నుంచి నాలుగుకి, తర్వాత మూడుకి వచ్చింది, అదీ చెప్పలేదు, ఎందుకంటే పని అద్భుతంగా జరుగుతోంది. మూడు గంటలు పడుకుని కూడా అలసట లేకపోతే సంతోషించాలా భయపడాలా? నేను సంతోషించాను.

ఆ పుస్తకం పాత ఫాంట్‌లో కంపోజ్ చేసి యూనికోడ్‌లోకి మార్చినది. ఈ పని చేసేవాళ్లకి తెలుసు, అలా మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, ఒక అక్షరం బదులు ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. మామూలు విషయం, ఎన్నోసార్లు చూసిందే. ఒక రాత్రి రెండింటికి అనుకుంటా, 112వ పేజీలో 'చూ' ఎగిరిపోయి కనిపించింది, రెండు పేజీల తర్వాత 'స్తు' ఎగిరిపోయింది. చేతిలో పెన్ను ఆగింది. ఏదో తెలిసిపోయినట్టు ఒళ్లు జలదరించింది. ఏం తెలిసిందో ఇంకా తెలియదు, కానీ తెలిసిపోయిందన్న భావన మాత్రం ముందే వచ్చేసింది. చిన్న నోట్‌బుక్ తీసి ఎగిరిపోయిన అక్షరాలన్నీ వరసగా రాయడం మొదలుపెట్టాను. తెల్లారేసరికి అందులో 'చూస్తున్నారు' అని ఉంది.

ఉంది అంటే, నేను తెచ్చాను. అది ఇప్పుడు తెలుస్తోంది. ఆ మాటకి సరిపోని అక్షరాలు మధ్యలో ఇరవై దాకా ఉన్నాయి, వాటన్నిటినీ అడ్డంగా కొట్టేశాను, అవి నన్ను తప్పుదోవ పట్టించడానికి పెట్టినవని. సరిపోయిన అక్షరం సాక్ష్యం, సరిపోని అక్షరం కుట్ర! ఇంక తప్పించుకునే దారేముంది.

మామూలుగా నా పరధ్యానం ఎలా ఉంటుందంటే, చదువుతున్న వాక్యం చేతిలోంచి జారిపోతుంది, వెనక్కి వెళ్లి మళ్లీ పట్టుకుంటాను, మళ్లీ జారుతుంది. ఏదీ నిలవదు, ఏదీ ముఖ్యంగా అనిపించదు, ముఖ్యమైనది కూడా. ఆ నెలలో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. ప్రతిదీ అంటుకుంది. కామా అంటుకుంది, పక్కింట్లో తలుపు వేసిన చప్పుడు అంటుకుంది, ఫోన్‌లో బ్యాటరీ 17 శాతం చూపిస్తే ఆ పదిహేడు అంటుకుంది. దేన్నీ అనవసరమని వదిలేయలేకపోయాను. బయటి నుంచి చూసేవాళ్లకి రెండూ ఒకటే: మాట్లాడుతుంటే వినడం లేదు, చూపు ఎక్కడో ఉంది, చేస్తున్న పని మధ్యలో ఆపేసింది. అన్నయ్య కూడా మందు పనిచెయ్యడం మానేసిందేమో, పాత పరధ్యానం తిరిగొచ్చిందేమో అనుకున్నాడు. డోసు పెంచమని అడగమన్నాడు కూడా, పాపం.

ఇంకోటి ఉంది, దీని గురించి ఎవరూ నన్ను హెచ్చరించలేదు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల ఇంట్లో వస్తువులు వాటంతటవే కదులుతుంటాయి. తాళంచెవి ఫ్రిజ్ మీద ఉంటుంది, కళ్లజోడు బియ్యం డబ్బా మీద, పొద్దున మూసిన బీరువా మధ్యాహ్నానికి తెరిచి ఉంటుంది. అన్నీ మనమే చేస్తాం, చేసిన జ్ఞాపకం ఉండదు. 29 ఏళ్లు అలాగే బతికాను, విసుక్కున్నాను, నవ్వుకున్నాను. ఆ నెలలో అదే తాళంచెవి అదే ఫ్రిజ్ మీద కనిపిస్తే, ఇంట్లోకి ఎవరో వచ్చి వెళ్లారన్నది తప్ప ఇంకో కారణం తోచలేదు. అనుమానానికి రుజువులు కావాలి, నా మతిమరుపు రోజుకి పది రుజువులు తయారుచేసి పెట్టేది. మనుషుల మాటలూ అంతే. ఎదుటివాళ్లు చెప్పేదాంట్లో సగం వినపడకపోవడం నాకు అలవాటే, మిగతా సగం ఊహించి పూరించుకుంటాను, ఎప్పుడూ ఏదో మామూలు మాటతోనే పూరిస్తాను. ఆ నెలలో ఆ ఖాళీలన్నిటినీ భయం పూరించింది. "దాన్ని... చెయ్యాలి" అని వినపడితే మధ్యలో ఉన్నది ఫోన్ అని ఎందుకు అనుకుంటాను?

గొంతులు చివర్లో వచ్చాయి. ఆడగొంతు ఒకటి, కోపం లేని గొంతు, నేను చదువుతున్న ప్రూఫుని నాకంటే ఒక పదం ముందు చదివేది. ఐదో రోజు అన్నయ్య వచ్చి చూస్తే నేను ఇంట్లో ఉన్న తాళాలన్నీ వరసగా నేల మీద పరిచి వాటి మీద నంబర్లు వేస్తున్నాను. "ఏం చేస్తున్నావే?" అన్నాడు. "లెక్క సరిపోవడం లేదు" అన్నాను. వాడు కూర్చుని నాతోపాటు ఒకసారి లెక్కపెట్టాడు, వాదించలేదు, తర్వాత "పద, లెక్క చూసేవాళ్ల దగ్గరికి వెళ్దాం" అన్నాడు. ఆ మాటకి నేను కదిలాను. జబ్బు వచ్చింది పద అని ఉంటే కదిలేదాన్ని కాదు.

ఆస్పత్రి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎమర్జెన్సీలో మూత్ర పరీక్ష, రక్తం, థైరాయిడ్, తలకి స్కాన్. ఏమీ తేలలేదు. మిథైల్‌ఫెనిడేట్ ఆ క్షణమే ఆపేశారు, రిస్పెరిడోన్ అనే సైకోసిస్ మందు మొదలుపెట్టారు, పదకొండు రోజులున్నాను. మొదటి నాలుగు రోజులు ఎక్కువగా నిద్రపోయాను. ఫైల్లో రెండో కోడ్ అప్పుడు పడింది: ఉత్తేజకం వల్ల వచ్చినది, మందు ఆపారు కాబట్టి కొన్ని రోజుల్లోనో కొన్ని వారాల్లోనో పోవాలి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదట. యాంఫెటమైన్లు (ఇవీ ఉత్తేజకాలే) ఎక్కువగా వాడినవాళ్లకి అచ్చం స్కిజోఫ్రీనియా (సైకోసిస్ ఉండే ఒక దీర్ఘకాలపు జబ్బు) లాంటిదే వస్తోందని ఫిలిప్ కానెల్ అనే డాక్టర్ లండన్‌లో 42 మంది కేసులతో 1958లోనే రాశాడు. చెప్పిన డోసులో వాడేవాళ్లకి అంత తరచుగా రాదు. 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో రెండు లక్షల ఇరవై వేల మంది దాకా ఉన్నారు, ఏడీహెచ్‌డీకి మందు మొదలుపెట్టిన 13 నుంచి 25 ఏళ్లవాళ్లు. వాళ్లలో సుమారు 660 మందికి ఒకరికి కొత్తగా సైకోసిస్ వచ్చింది, యాంఫెటమైన్ రకం వాడినవాళ్లలో మిథైల్‌ఫెనిడేట్ వాడినవాళ్లకంటే రెట్టింపు మందికి. నేను వాడింది తక్కువ రిస్కు ఉన్నదే, నా వయసూ దాటిపోయింది, అయినా వచ్చింది. డోసు పెంచుకున్నాను, నిద్ర పోగొట్టుకున్నాను, మేనమామ రక్తం ఉంది. ఏది ఎంత పని చేసిందో వేరుచేసి తూకం వెయ్యలేం అన్నారు డాక్టర్ గారు. మొదట్లో ఆ జవాబు నాకు చాలా కోపం తెప్పించింది.

రెండు మందులు ఎదురెదురుగా ఎలా పనిచేస్తాయో కూడా అప్పుడే తెలుసుకున్నాను. డోపమైన్ అని మెదడులో ఒక రసాయనం ఉంటుంది. మిథైల్‌ఫెనిడేట్ దాన్ని నరాల కణాలు వెనక్కి లాక్కోకుండా ఆపి, బయట ఎక్కువసేపు ఉండేలా చేస్తుంది. సైకోసిస్ మందులు డోపమైన్ వచ్చి తలుపు తట్టే చోటుని మూసేస్తాయి. ఒక జబ్బుకి పోసే నీళ్లు, ఇంకో జబ్బుకి తోడాలి, ఉన్న బావి ఒకటే! అంత సూటిగా కూడా కాదులెండి, మెదడు ముందు భాగంలో కొరత ఉండి లోపలి భాగంలో ఎక్కువైపోవచ్చు, రెండూ ఒకే మనిషిలో. డోపమైన్ మనకి ఏది ముఖ్యమో గుర్తు పెడుతుందని, సైకోసిస్‌లో ఆ గుర్తు అడ్డమైన ప్రతిదాని మీదా పడిపోతుందని శితిజ్ కపూర్ అనే సైకియాట్రిస్టు 2003లో రాశారు. నా 112వ పేజీ గురించి నాకు ఇంతవరకు ఎవరూ అంత సరిగ్గా చెప్పలేదు. ముందు 'ఇది ముఖ్యం' అన్న ముద్ర పడింది, ఎందుకు ముఖ్యమో కథ నేను తర్వాత అల్లుకున్నాను.

గొంతు పది రోజుల్లో పోయింది. ఎవరో చూస్తున్నారన్నది పోలేదు. నెల దాటింది, పోలేదు. నెల ఎందుకు ముఖ్యమంటే, కారణమైన మందు ఒంట్లోంచి పోయాక కూడా నెల పైన లక్షణాలు ఉంటే అది కేవలం మందు పని అనడానికి డాక్టర్లు వెనకాడతారు. అలా మూడో కోడ్ వచ్చింది. రెండో నెల ఆఖర్లో ఒక రోజు పొద్దున కిటికీ తెర తీసి పావుగంట అయ్యాక గుర్తొచ్చింది, తెర తీసేముందు బయట ఎవరున్నారో చూడలేదని. అప్పటి నుంచి మెల్లగా తగ్గింది, మూడో నెలకి దాదాపు లేదు.

ఆ మధ్యలో జరిగిన ఒక పొరపాటు చెప్పకపోతే ఈ అనుభవం రాసి ఉపయోగం లేదు. ఇంటికొచ్చిన రెండో వారం నుంచి నేను కూర్చోలేకపోయాను. కుర్చీలో కూర్చుంటే తొడల లోపల చీమలు పాకినట్టు, లేస్తే నిలబడలేను, నిలబడితే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచేదాన్ని, అన్నయ్య ఒక రోజు లెక్కపెడితే గంటలో రెండొందల సార్లు పైన వచ్చింది. ఇంట్లో అందరూ ఒకటే అన్నారు, ఏడీహెచ్‌డీ మందు ఆపేశారు కదా, అది తిరగబడింది అని. ఫోన్లో అడిగితే అవతల డ్యూటీలో ఉన్న డాక్టరూ అదే అన్నారు. నేనూ నమ్మాను. కానీ నాకు చిన్నప్పుడు కూడా అలా లేదు! నా కుదురులేనితనం బుర్రలో ఉంటుంది, కాళ్లలో కాదు, కూర్చున్న చోటే కూర్చుని పది ఊళ్లు తిరిగొచ్చే రకాన్ని. ఇది అలా కాదు, ఒంట్లోంచి ఎవరో నెడుతున్నట్టు ఉంది, దాంతోపాటు ఏడుపు, చచ్చిపోతే బావుండు ఇది ఆగుతుంది అనిపించేంత. ఆ చివరి మాట అన్నయ్యతో అన్న రోజునే మళ్లీ తీసుకెళ్లాడు.

దాని పేరు అకథీసియా. సైకోసిస్ మందుల వల్ల వస్తుంది. నన్ను చూసిన డాక్టర్ గారు (ఈవిడ మూడో మనిషి, ఇప్పటికీ ఈవిడ దగ్గరికే వెళ్తున్నాను) రెండే ప్రశ్నలు అడిగారు. "ఇది ఎప్పుడు మొదలైంది, మందు డోసు పెంచకముందా తర్వాతా?" తర్వాత. "ధ్యాస పోయి లేస్తున్నారా, కూర్చోలేక లేస్తున్నారా?" కూర్చోలేక. రిస్పెరిడోన్ తగ్గించి, ఆ కాళ్ల బాధ తగ్గడానికి కొన్నాళ్లు ప్రొప్రనలాల్ అనే మందు ఇచ్చారు. నాలుగు రోజుల్లో కుర్చీ మళ్లీ కుర్చీ అయింది. అది ఏడీహెచ్‌డీ అనుకుని పాత మందు మళ్లీ మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఇక ఇద్దరు డాక్టర్ల మధ్య నేను. మొదటి డాక్టర్ గారు అది మందు వల్ల వచ్చిన గొడవే, అసలు జబ్బు ఏడీహెచ్‌డీయే అన్నారు. ఆస్పత్రిలో చూసినాయన అసలు ఏడీహెచ్‌డీ అన్నదే లేదు, పరధ్యానం, పనిలో వెనకబడటం అన్నీ రాబోయే జబ్బుకి ముందస్తు గుర్తులు, ప్రోడ్రోమ్ అంటారు దాన్ని, మనం దాన్ని ఏడీహెచ్‌డీ అనుకుని తప్పు మందిచ్చాం అన్నారు. ఆయన అన్నది గాలి మాటేం కాదు. స్కిజోఫ్రీనియా బయటపడే ముందు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఏకాగ్రత పడిపోవడం, నలుగురిలో కలవకపోవడం, చదువు దెబ్బతినడం ఉంటాయి, పాతికేళ్ల వయసులో కొత్తగా 'ఏడీహెచ్‌డీ' అంటూ వచ్చేవాళ్లలో అలాంటివాళ్లూ ఉంటారు. నాకు మాత్రం ఆ మాటతో కాళ్ల కింద నేల పోయింది. సైకోసిస్ వచ్చిందంటే ఒప్పుకున్నాను, కానీ 29 ఏళ్ల నా చిన్నతనం, కిటికీ పక్క బల్ల, పోగొట్టుకున్న గొడుగులు, అన్నీ నావి కాదు, జబ్బు నాంది అంటే ఎలా?

మూడో డాక్టర్ గారు ఎవరితోనూ వాదించలేదు. ఒక తెల్ల కాగితం అడ్డంగా పెట్టి గీత గీశారు. "పుట్టినప్పటి నుంచి ఇవాళ్టి దాకా. ధ్యాస నిలవనిది ఎక్కడ మొదలైందో పెట్టండి. అమ్మగారూ, మీరు వేరే కాగితం మీద పెట్టండి, ఒకరిది ఒకరు చూడొద్దు" అన్నారు. ఏడీహెచ్‌డీ అనాలంటే 12 ఏళ్లలోపే కొన్ని లక్షణాలు కనబడి ఉండాలన్నది 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే అమెరికా సైకియాట్రిస్టుల జబ్బుల పుస్తకంలోని నియమం, అంతకుముందు పుస్తకంలో అది 7 ఏళ్లు. నేను పదో క్లాసు దగ్గర పెట్టాను, నాకు గుర్తున్నది అక్కడి నుంచే కాబట్టి. అమ్మ ఆరేళ్ల దగ్గర పెట్టింది. తర్వాతి వారం అమ్మ మూడో క్లాసు ప్రోగ్రెస్ రిపోర్టు తెచ్చింది, ఎక్కడ దాచిందో మరి, అంచులు పసుపు పచ్చగా అయిపోయి ఉంది. టీచరు రాసిన వాక్యం ఒకటే: 'తెలివైన పిల్ల, కుదురు లేదు, చెప్పింది వినదు, అడిగితే జవాబు వస్తుంది.' డాక్టర్ గారు అది రెండుసార్లు చదివి, "ఎప్పుడైనా దీనికంటే బాగా ఉండి, తర్వాత తగ్గిందా?" అని అడిగారు. అమ్మ నవ్వేసింది. "ఎప్పుడుంది కనక తగ్గడానికి" అంది.

బాగుండి పడిపోవడం ఒకటి, మొదటి నుంచీ అంతే ఉండటం ఇంకొకటి. నా విషయంలో రెండూ ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ ఉన్న పరధ్యానం ఒకటి, 29వ ఏట ఆ నెలలో వచ్చింది వేరొకటి, సైకోసిస్ తగ్గాక మిగిలిన మందకొడితనం మూడోది. ఈ మూడోది ఇంకా కొంచెం ఉంది. దీంట్లో ఆలోచన జారిపోదు, అంటుకోదు, అసలు రాదు. ఉదయం బ్రష్ చేతిలో పట్టుకుని అద్దం ముందు పది నిమిషాలు నిలబడితే, ఏం ఆలోచిస్తున్నావని ఎవరైనా అడిగితే, నిజంగా ఏమీ లేదు. పరధ్యానంలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది!

రెండూ ఒకే మనిషికి ఉండటం వింత కాదని ఆవిడే చెప్పారు. చిన్నప్పుడు ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి తర్వాత సైకోసిస్ వచ్చే అవకాశం లేనివాళ్లకంటే నాలుగున్నర రెట్లకు పైనే అని 2021లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ లెక్క వేసింది. ఆ మాట వినగానే మా అన్నయ్య మొహం పాలిపోయింది, వాడి కొడుక్కి కూడా ఏడీహెచ్‌డీ అన్నారు మొన్ననే. తక్కువదాన్ని నాలుగున్నరతో హెచ్చవేసినా తక్కువే, చాలా చాలామందికి ఎప్పటికీ రాదు అని ఆవిడ వాడికి రెండోసారి చెప్పాల్సి వచ్చింది. మిథైల్‌ఫెనిడేట్ వాడిన కుర్రవాళ్లలో సైకోసిస్ పెరిగిన ఆధారం కనపడలేదని 2019లోనే స్వీడన్ నుంచి ఒక అధ్యయనం వచ్చిందని కూడా చెప్పారు. పిల్లాడికి మందు మానిపించొద్దు, మేనత్త సంగతీ ఆ తాతయ్య సంగతీ అక్కడి డాక్టరుకి చెప్పండి చాలు అన్నారు. ఈసారి మా ఇంట్లో ఎవరూ 'నరాల బలహీనత' అనలేదు, అన్నయ్య ఫారం మీద సైకోసిస్ అనే రాశాడు, బ్రాకెట్లో నా పేరు రాయబోతే వద్దని కొట్టించాను.

ఇప్పుడు రెండేళ్లు దాటింది. రిస్పెరిడోన్ నుంచి తక్కువ డోసు అరిపిప్రజోల్‌కి మారాను, ఇదీ సైకోసిస్ మందే. ఏడీహెచ్‌డీకి చాలాకాలం ఏమీ ఇవ్వలేదు, అలారాలు, గోడ మీద కాగితాలు, ప్రూఫు ఐదేసి పేజీల ముక్కలుగా తీసుకోవడం, వీటితోనే నెట్టాను. ఎనిమిది నెలల క్రితం అటమోక్సెటిన్ మొదలుపెట్టారు, ఇది ఉత్తేజకం కోవలోది కాదు. అలాగని దీనికి మచ్చ లేదని కాదు, దీని చీటీ మీద కూడా సైకోసిస్ గురించి హెచ్చరిక ఉంది, అందుకే మూడు నెలలపాటు వారం వారం వెళ్లి నిద్ర గంటలు రాసిన కాగితం చూపించాను. మొదటి మందు చేసిన అద్భుతం ఇది చెయ్యలేదు. ఫ్యాన్ చప్పుడు వినపడుతూనే ఉంది. కాకపోతే కాస్త దూరంగా.

ఆ పాత స్ట్రిప్పులు ఇంట్లో లేవు. నిద్ర రెండు రాత్రులు వరసగా ఐదు గంటల కంటే తగ్గితే అన్నయ్య డాక్టర్ గారికి ఫోన్ చేస్తాడు, నన్ను అడగడు, అది నేను ఒంట్లో బాగున్న రోజున ఒప్పుకుని సంతకం పెట్టిన ఒప్పందం. నోట్‌బుక్ డాక్టర్ గారి దగ్గర చాలాకాలం ఉంది, తిరిగి ఇచ్చేటప్పుడు, "ఇందులో కొట్టేసిన అక్షరాలు లెక్కపెట్టారా?" అని అడిగారు. ఇరవై అనుకున్నాను కదా. ఇంటికొచ్చి లెక్కపెడితే 63 ఉన్నాయి.

మొన్న ఒక ప్రూఫులో ఒత్తులు మళ్లీ ఎగిరిపోయాయి, వరసగా మూడు పేజీల్లో. ఒక్క క్షణం పెన్ను ఆగిన మాట నిజం. మార్జిన్‌లో 'ఫాంట్ మార్పిడి లోపం, మొత్తం చూడాలి' అని రాసి పంపేశాను. ఆ సాయంత్రం తాళంచెవి కనపడలేదు, వెతికి వెతికి చూస్తే ఫ్రిజ్ మీద ఉంది. ఇలాంటప్పుడు అడగడానికి మాకో పద్ధతి ఉంది, చుట్టూ తిప్పకుండా సూటిగా అడగాలి. "అన్నయ్యా, తాళంచెవి నువ్వు పెట్టావా ఇక్కడ?"

"నువ్వే పెట్టావు. ఫోన్ మాట్లాడుతూ పాల ప్యాకెట్ తీసి, ఆ చేత్తోనే పెట్టావు. నేను చూస్తూనే ఉన్నాను."

'చూస్తూనే ఉన్నాను' అన్నాక వాడే నాలిక్కరుచుకున్నాడు. నాకు నవ్వాగలేదు.